మందమైన చోట

బెండిగోలో జూన్ నెల.
కారు అద్దం మీద మంచు గీక్కుని
మాంసం కొట్టుకి వెళ్తే
అడక్కుండానే ఎముకల ట్రే వైపు చెయ్యి చాపాడు డెస్.
కాదు, ఎముక లేనిది ఇవ్వు అన్నాను.
పేరు పెట్టి అడగలేదు.
ఆ మాట మా ఇంట్లో ఆరు వారాలుగా
ఏ భాషలోనూ పలకడం లేదు.

మెత్తటి మాంసానికి నా వంటలో చోటు లేదు.
ముక్క ఎముకని వదిలేదాకా
నూనె పైకి తేలేదాకా
పక్కింటివాళ్లకి ఆకలేసేదాకా ఉడికించే చెయ్యి నాది.
ఇది అలా కాదు.
పొయ్యి మీద కాసేపు ఎక్కువుంటే కొబ్బరి పీచు.
రెండు నిమిషాలు తక్కువైతే,
ఆ రెండు నిమిషాలే ఇప్పుడు మా ఇంటి భయం.

వకుళకి నెత్తురులో తెల్లకణాలు పడిపోయాయి.
నా ఆడపడుచు.
ఇరవై ఏళ్లు నా పులుసుకి వంకలు పెట్టిన నాలుక.
ఇప్పుడు దానికి అన్నం ఇనుము, పాలు ఇనుము,
నోరంతా పుళ్లు.
ఎండినది దిగదు. పచ్చిది దిగకూడదు.
మధ్యలో ఉన్న సన్నటి గట్టు మీద
మూకుడు పట్టుకుని నేను నడవాలి.

ఆస్పత్రిలో తిండి సంగతులు చెప్పే మార్గో
మొట్టమొదట అన్నది: కోడిని కడగొద్దు.
కడగొద్దా!
పసుపూ ఉప్పూ రాసి మూడు నీళ్లు పొయ్యకపోతే
మా అమ్మ మాంసాన్ని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు.
"నీళ్లు చిందినచోటల్లా క్రిములు చిందుతాయి.
వాటిని చంపేది వేడి" అంది.
వాదించలేదు.
ఇంటికొచ్చి, కుళాయి దాకా తీసుకెళ్లి
వెనక్కి తెచ్చాను.
చేతులు మాత్రం సబ్బుతో రెండుసార్లు కడిగాను,
ఒకసారి మార్గో కోసం, ఒకసారి అమ్మ కోసం.

లీటరు నీళ్లకి నాలుగు పెద్ద చెంచాల ఉప్పు.
ఫ్రిజ్‌లో అరగంట నానింది.
తడి అద్ది, పైన ప్లాస్టిక్ సంచి కప్పి
ఉబ్బిన వైపు అప్పడాల కర్రతో తట్టాను
తోకంత పల్చబడేదాకా.
గట్టిగా కాదు, పిల్లని జోకొట్టినట్టు.
కారం లేదు, మిరియం లేదు. చెంచా నెయ్యి.
మూకుడు చుర్రుమంది.
తిరగేసి, సెగ తగ్గించి, మూత పెట్టాను.
మూత పెట్టాక ముట్టుకోకుండా ఉండాలి.
అది నాకు రాని విద్య.

ముప్పై ఏళ్లు వాసనతో వండాను,
రంగు చూసి, చప్పుడు విని.
ఇవాళ కన్ను చాలదట.
తెల్లబడ్డా నమ్మకూడదట.
సొరుగు లాగితే రెండు థర్మామీటర్లు.
వకుళది ముప్పై ఎనిమిది తాకిందంటే
ఏ అర్ధరాత్రైనా కారు తియ్యాలి.
కోడిది, పొడుగు సూదిది,
డెబ్బై అయిదు తాకితేనే దించాలి.
ఒక అంకె రాకూడదని
ఒక అంకె రావాలని
ఒకే పొయ్యి ముందు నిలబడ్డాను.

పక్కనుంచి గుచ్చాను, మందమైన చోట.
అరవై ఒకటి.
అరవై ఎనిమిది.
కంచె మీద మ్యాగ్‌పై గొంతు సవరించుకుంటోంది.
డెబ్బై రెండు దగ్గర చాలాసేపు ఆగింది.
ఎక్కవే తల్లీ అన్నాను, కోడితోనో, సూదితోనో.

డెబ్బై అయిదు.
పచ్చిమాంసం ముట్టని పళ్లెంలోకి తీశాను.
వెంటనే కోస్తే లోపలి నీరంతా చెక్క తాగేస్తుంది.
అయిదు నిమిషాలు
నా చేతులకి పనిలేదు.

నారకి అడ్డంగా పల్చటి ముక్కలు.
కత్తి వెంట సన్నటి తడి.
వకుళ ఒకటి నోట్లో పెట్టుకుంది.
నమిలింది. మింగింది.
రెండోది తీసుకోలేదు.
నేను అటు చూడకుండా
తుడిచిన గట్టునే మళ్లీ తుడుస్తున్నాను.

"ఉప్పెక్కువైంది వదినా."

గుడ్డ ఆగింది.
"ఇనుము కాదా?"
"అది వెనకాల వస్తోంది. ముందు ఉప్పు."
ఇంకా వంక దొరుకుతుందేమో అన్నట్టు
రెండో ముక్క తీసుకుంది.

ఫ్రిజ్ తలుపు మీది కాగితంలో
మందుల వేళల కింద రాసుకున్నాను:
రేపు, మూడు చెంచాలు.