కిలో రెండొందలు

బాదేపల్లిల పల్లికాయ సీజను.
సేటు దుకాణం ముందు కాంటా కాడ నేను,
పదకొండేండ్లసంది అదే జాగ, అదే ఇనుప పళ్లెం.
నా కనురెప్పలది ఎప్పుడూ ఎర్రమన్ను రంగే.

కుర్మూర్తి వచ్చిండు, బ్యాగు నెత్తిన వెట్టుకొని.
టైల్స్ మేస్త్రి. వరుసకు కొడుకైతడు.
"బాబాయ్, జర దీన్ని జోకు.
పదిహేను కిలోలు దాటితే ఇమానమోళ్లు పైసలడుగుతరంట."

నవ్వొచ్చింది.
బొంబాయి బస్సుకు పోయినన్నాళ్లు
మూటను ఎవడు జోకిండు, మనిషిని ఎవడు జోకిండు?
ఇప్పుడు సూరత్ కంట్రాక్టరుకు తొందరయి
టికెట్టు ఫోన్ల పంపిండు.

తాపీ, రబ్బరు సుత్తె, రసమట్టం,
గుడ్డల సుట్టిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం డబ్బ,
నాలుగంగీలు, బిడ్డ గీసిచ్చిన కోడిపుంజు బొమ్మ.
ఎర్ర అంకెలు ఎగిరినయ్, దిగినయ్, నిలవడ్డయ్.
పదిహేను.
"పో బిడ్డా, అచ్చు గుద్దినట్టున్నది" అన్న.

నాలుగు నెలలకు మళ్లొచ్చి
చాయి తాగుకుంట చెప్పిండు.

శంషాబాదుల బెల్టు మీద వెట్టంగనే
పదహారు కిలోల రెండొందలు సూపిందంట.
ఎక్కువైంది కిలో రెండొందలు,
పైసలు మాత్రం రెండు కిలోలకు. ముక్కలు పైకే జరుగుతయంట.
"మా కాంటా తప్పు జెప్పదమ్మా" అని
కౌంటరు కాడి పిల్లకు ఒట్టు వెట్టిండంట.
ఆమె నవ్వలే, తిట్టలే. మిషన్ దిక్కు సూపింది.

కడమోళ్లకు తొవ్వ ఇడిసి, నేల మీద కూసొని
అంగి మీద అంగి, దాని మీద అంగి.
నాలుగు రొట్టెలు ఆడనే తిన్నడు.
రెండు, పక్కనున్న ముసలామెకిచ్చిండు.
ఆమెదీ అదే బాధ, మూడు చీరెలు గట్టుకోని
మొక్కజొన్న కంకి లెక్క నిలవడ్డది.
కారం డబ్బ, రసమట్టం సేతిల వట్టుకున్నడు.
మళ్ల జోకితే పదిహేను.

"తువ్వాల ఏద్దామంటే కిటికీ తెరుసుకోదు బాబాయ్!
కిటికీ సీటుకు వేరే పైసలంట,
కాళ్లు సాపే జాగకు వేరే, నీళ్లకు వేరే.
ముందటాయన బూట్లిప్పి సాక్సులు ఆరేసిండు, ఎవ్వలేమనలే.
నేను కారం డబ్బ మూత తీస్తే
మూడు వరుసలు తిరిగి సూసినయ్."

ఇమానం ఒక దిక్కు ఒరిగిందంట.
పలక మీద రసమట్టం వెట్టి సూసిండు,
బుగ్గ పోయి మూలకు తల్గింది.
"మట్టం లేదమ్మా" అంటే
ఆ పిల్ల వొంగి సూసి, నవ్వి,
ఇంకో పిల్లను పిల్సుకొచ్చి సూపిచ్చిందంట.
బుగ్గ నడుమకొచ్చినంక దూరంకెళ్లి తలకాయ ఊపి అడిగింది.
వీడు బొటనేలు లేపిండు.

దిగంగ, బండి ఆగకముందే అందరు లేసి
ఒకల మీద ఒకలు. అచ్చం మన కల్వకుర్తి బస్టాండే.

హమాలీలంత కడుపులు వట్టుకొని నవ్విన్రు.
నేనూ నవ్విన.
గిలాస కింద వెట్టి, మెల్లగ అడిగిండు:
"అవు బాబాయ్, ఆ కిలో రెండొందలు యాడికెల్లి వొచ్చినట్టు?"

నా మొకం సూడలే. పళ్లెం దిక్కు సూసిండు.
వాళ్ల నాయిన పండించిన పల్లికాయ
ఏటేటా దిగింది ఈ పళ్లెం మీదనే.

నేను సదివింది ఐదో తరగతే.
కాంటా మనిషికి లెక్కలాగవు.
పదిహేనుకు కిలో రెండొందలైతే
నలభై కిలోల బస్తాకు మూడు కిలోల రెండొందలు,
తరుగు వేరే.
బస్తాలు లెక్కవెట్టుకుంట పోయి
ఒక్క కార్తెకే ఆగిన.
దసరా ముందు రాత్రి మిషన్ ఇప్పేటోడు వొస్తడు.
టార్చి వట్టేది నేనే.

కుర్మూర్తి లేసి, సంచిల కెల్లి రసమట్టం తీసి
పళ్లెం మీద అడ్డంగ వెట్టిండు, నిలువుగ వెట్టిండు.
బుగ్గ నడుమనే నిలవడ్డది.
"మట్టం సక్కగనే ఉన్నది బాబాయ్" అన్నడు,
తుడిసి లోపల వెట్టుకున్నడు.

ఆటో దిగి ఊట్కూరామె బస్తా గుంజుకొస్తుంది.
"జోకన్నా, పొద్దువోతుంది."
పళ్లెం కిందికి అదిరింది.
ఎర్ర అంకెలు ఎగిరినయ్, దిగినయ్, నిలవడ్డయ్.
నేనింకా సదువలే.