కారం అంటని ఆకు

కర్ఖేలి రోడ్డు మీది పాలీహౌస్ నుంచి
మా వైశాలి ఒక సంచి ఆకు తెచ్చింది.
హైదరాబాద్ పోయే డబ్బాల్ల పట్టనివి,
అంచులు చినిగినవి, ఒకటి రెండు పురుగు కొరికినవి.
కేల్ అంటరట.
పట్టి చూస్తే చెప్పు తోలు లెక్క గట్టిగున్నది.
"దీన్ని ఎంతసేపు ఉడకేస్తరు?"
"ఉడకేసుడు లేదు బాపూ, పచ్చిదే."
"మనమేమన్న మేకలమా?"

గంగామణి గడప మీద కూసున్నది,
రెండు చేతులు మజ్జిగ గిన్నెల ముంచుకొని.
ధర్మాబాద్‌ల మాఘం నుంచి ఇదే కథ.
పొద్దంత కారం మిల్లుల తొడిమలు తీస్తది,
మాపటికి వేళ్ల సందుల నిప్పులు తెచ్చుకుంటది.
కిలోకింత అని కూలిస్తరు.
మంటకు తూకం లేదు.

శెవంతా మావుశి గోడ మీదికెల్లి తొంగి చూసి
"మెంతికూర ఘోళాణా చేసినట్టే చెయ్యుండ్రి" అన్నది.
"ఉప్పేసి పిసకాలె. చేతితోనే.
చెంచాకు లొంగే ఆకు గాదది."

చేతితోనే.
ముగ్గురం మజ్జిగ గిన్నె దిక్కు చూసినం.
"రేపు నాకు గణితం పేపరు" అన్నది వైశాలి.
నేను లేచిన.
యాభై ఏండ్లు మూటలు మోసిన మనిషిని
ఆకు ముంగట గొంతుకూసున్న.

"నడిమి ఈనె తియ్యి, అది నమలరాదు.
ఆకు మీద ఆకు పెట్టు. బీడీ చుట్టినట్టు చుట్టు.
మీ అవ్వ చుట్టంగ చూడలేదా?
ఇగ సన్నంగ కొయ్యి."
కోసిన.
ఈనెలు మావుశి మేకకేస్తే
వాసన చూసి మొకం తిప్పుకున్నది.

నిమ్మకాయ సగం. ఉప్పు, చిటికెడు మీద చిటికెడు.
బలం పెట్టి పిసికిన.
"చపాతి పిండి గాదది, దంచకు!"
"మరెట్ల?"
ఆమె మజ్జిగలకెల్లి చేతులు తీసి
గాలిని పిసికి చూపెట్టింది.
ఒట్టి గాలిని, చుక్కలు కారుతుంటే.
పట్టి, వదిలి. పట్టి, వదిలి.
జ్వరమొచ్చిన పిల్ల పాదం ఒత్తినట్టు.

వైశాలి పుట్టిన ఏడు గూడ మిర్చి మస్తు పండింది.
పిల్లను మోచేతులతోనే ఎత్తుకునేది,
పాలిచ్చేటప్పుడు వేళ్లను కొంగుల చుట్టుకునేది.
ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి
మర్సిపోయి చెంప తుడిసింది.
ఆ ఏడుపు నాలుగిండ్ల అవతలికి వినబడ్డది.
ఆ రాత్రి పిల్లకు నెయ్యి రాసింది నేను.
ఆమె గోడ దిక్కు తిరిగి పన్నది.

పిసుకుతుంటే వేళ్ల కింద ఏదో మారింది.
ఆకు రంగు నల్లబడ్డది, తడి పట్టింది,
గంపెడున్నది గుప్పెడైంది.
మొండికేసి కూసున్న మనిషి
ఊఁ అనేముందు భుజాలు దించినట్టు
మెత్తగ ఒదిగింది.

చిన్న గంటెడు పల్లినూనె,
వేంచి దంచిన పల్లీలు, పలుచగ కోసిన ఉల్లిగడ్డ,
గోరంత బెల్లం.
మిర్చి వెయ్యలే.
ధర్మాబాద్‌ల కారం లేని గిన్నె!
మిల్లు సేటుకు తెలిస్తే కూలి కోస్తడని
గంగామణి ఒకటే నవ్వుడు.

తన చెయ్యి తన నోటికే మంట ఆమెకు.
ఈ నాలుగు నెలలు చెంచాతోనే తింటది,
రొట్టెను గూడ చారుల నానేసుకొని.
నేను జొన్నరొట్టె తుంచి, ఆకును మడిచి
ఆమె నోటి కాడ పెట్టిన.
వైశాలి లెక్కలకెల్లి తల ఎత్తలే,
ఎత్తనట్టు చేసింది.

నమిలింది. చానసేపు నమిలింది.
"ఉప్పెక్కువైంది" అన్నది.
ఇంకో బుక్కకు నోరు తెరిచింది.