కాగితపు తలుపు

ఫిషింగ్ హార్బర్లో ఇరవై ఏళ్ళు
పడవలకి పక్కటెముకలు బిగించిన చేతులివి.
లాసన్స్ బే వెనక సందులో
తొమ్మిది గదుల హోటలుకి పిలిచి
సుభాషిణి మేడమ్ ఫోన్లో బొమ్మ చూపించింది:
మేకు లేదు, మడతబందు లేదు, గొళ్ళెం లేదు,
చెక్క చట్రానికి కాగితం.
"కాగితంతో తలుపేంటమ్మా,
పిల్లి తుమ్మితే చిరుగుద్ది" అన్నాను.
ఆవిడ నవ్వి, ముందు చెప్పులు బయట విప్పమంది.

ఏసీ ఉండాలి గాని కనపడకూడదట.
వెదురు బద్దల వెనక దాచాను,
అప్పులవాడొస్తే నేను దాక్కున్నట్టు.
పొందూరు ఖద్దరుతో కిమోనోలు కుట్టించారు.
వంటావిడ ఎర్రయ్యమ్మ పచ్చి చేప ముక్కలు
పూలల్లే పేర్చి, పక్కనే, ఎవరూ అడక్కపోయినా,
నాలుగు వేపుడు ముక్కలూ పెట్టేది.
కమోడ్ మీద కూర్చుంటే వెచ్చబడుతుంది,
రోహిణి కార్తెలో, విశాఖపట్నంలో!
ప్లంబర్ అప్పలకొండా నేనూ
ఆ పూటంతా నవ్వాపుకోలేక పని చెడగొట్టాం.

టీ గది తలుపు మాత్రం నడుమెత్తు.
"ఎంతటివాడైనా వంగే లోపలికెళ్ళాలి" అంది మేడమ్.
ఇంజను గదుల్లోకి వంగి వంగి
నడుం పోగొట్టుకున్నవాణ్ణి,
వంగడానికి ఇంత అద్దె కడతారా అనుకున్నాను గాని
పైకి అనలేదు. బిల్లు ఇంకా రావాలి.

నానమ్మ ఉంటే ఈ పని సంగతి చెప్పేవాణ్ణి కాదు.
నలభై రెండు ఏప్రిల్లో
హార్బరు మీద విమానాలొచ్చిన రోజు
ఎనిమిదేళ్ళ పిల్ల,
పొయ్యి మీది గంజి పొయ్యి మీదే ఉండగా
జనంతో పడి సబ్బవరం దాకా నడిచింది.
మేం ముద్ద మింగకపోతే
మా ఇంట్లో బూచాడు రాడు,
"జపానోడొస్తాడ్రా" అనేది.

శ్రావణంలో ముసురు పట్టింది.
కాగితం వదులైంది, చట్రం ఉబ్బింది,
నాలుగో గది తలుపు గాడిలో మొరాయించింది.
చిత్రిక సంచీలో వేసుకుని పరుగెత్తాను.
లోపల చాప మీద మోకాళ్ళేసుకుని
హిసాకో అనే పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి.
నేను గీస్తుంటే రాలిన పొట్టు
చిటికెడు తీసి వాసన చూసింది.
ఏదో అంది. మేడమ్ తెలుగులో చెప్పింది:
వాళ్ళింట్లోనూ వానలకి తలుపులు మొండికేసేవట,
వాళ్ళాయన తిట్టేవాడట,
తిట్టింది తలుపునో, వాననో, తననో
ఆవిడకి ఇప్పటికీ తెలీదట.

గాడికి మైనం రాశాను.
ఆవిడ రెండు వేళ్ళతో తోసింది.
తలుపు చప్పుడు రాలేదు,
సముద్రం చప్పుడొచ్చింది.

డబ్బులు లెక్కపెట్టుకుంటూ గుమ్మంలోకొస్తే
నా చెప్పులు తిరిగి ఉన్నాయి.
హడావిడిలో ఎటో విసిరినవి,
ఒకటి బోర్లా పడింది కూడా,
ఇప్పుడు జంటగా, ముక్కులు వీధివైపు,
కాలు పెడితే చాలన్నట్టు.
తెగిన పట్టీకి నేను చుట్టిన రాగితీగ కొస
లోపలికి మడిచి ఉంది, గుచ్చుకోకుండా.
ఎవరు చేశారని అడగలేదు.

బస్సెక్కబుద్ధి కాలేదు.
తడిసిన బీచి రోడ్డంట నడుస్తూ నడుస్తూ
ఆర్కే బీచి దాటాక అనిపించింది:
ఆ రోజు సబ్బవరం దారిలో
నానమ్మ కాళ్ళకి చెప్పులున్నాయో లేవో
నేనెప్పుడూ అడగలేదు.