రెండొందల పదిహేడో పేజీ

లెక్క తేలికే.
ఒక పత్రికను ఈ ఏడాది ఎంతమంది తలుచుకున్నారో పైన,
గడిచిన రెండేళ్లలో అది ఎన్ని వ్యాసాలు వేసిందో కింద.
మధ్యలో గీత.
వచ్చిన అంకెకి ప్రభావం అని పేరు.

వాల్తేరు మెట్ట మీద, గ్రంథాలయం రెండో అంతస్తులో
మూడు వారాలుగా నాకిదే పని.
ఖగోళ పరికరాల పత్రికలు పదకొండు;
ఏది ఉండాలి, దేనికి చందా ఆపాలి
శుక్రవారానికల్లా కమిటీకి పట్టిక కావాలి.

అట్టడుగున ఒకటుంది, నీలం అట్టది.
దాని అంకె సున్నా పాయింట్ మూడు.
హుద్‌హుద్ రాత్రి కిటికీ రెక్క ఊడి
తడిసి, ఎండలో పరిస్తే
అప్పడంలా వంకరపోయిన సంపుటాలు.
కొట్టేసేముందు ఒకసారి చూద్దామని తీశాను.
తనంతట తనే ఒకచోట తెరుచుకుంది,
ఇంటికి దారి తెలిసిన ఎద్దులాగా.

రెండొందల పదిహేడో పేజీ.
మూలన బొటనవేలి ముద్ర.
సిరా కాదు, లేత్ మిషను నూనె.
వేలి సుడిని అడ్డంగా కోస్తూ ఒక పాత గాటు.
ఉప్పుగాలి తగిలే చోట
టెలిస్కోపు అద్దాన్ని దేని మీద నిలబెట్టాలో చెప్పే వ్యాసం.
పదహారేళ్లయింది అచ్చయి.
లోకంలో ఒక్కరూ తలుచుకోలేదు.

ఫిజిక్సు వర్క్‌షాపులో అడిగితే
"ఇంకెవరిదండీ, కోరాడ సన్నిబాబుది" అన్నారు.
రిటైరయ్యాడట. కంచరపాలెంలో,
రైలు గేటు పక్క సందులో మిక్సీలు బాగుచేస్తున్నాడట.

సంపుటం సంచిలో వేసుకుని వెళ్లాను.
వేలు చూపించమన్నాను.
ముందు భయపడ్డాడు, పుస్తకం పాడుచేసినందుకు
ఫైన్ కట్టమంటారేమోనని.
తర్వాత చూపించాడు. గాటు ఉంది.

"ఇంగిలీసు నాకేటొచ్చమ్మా.
బొమ్మ సూసినాను.
బొమ్మలో అద్దం కింద మూడు సుక్కలున్నాయి.
మనదాని కింద నాలుగు దిమ్మలున్నాయి.
అందుకే కావాల, సుక్కని సూత్తే
రొయ్యిలాగ వొంకరగా కనిపించీది.
నాలుగూ పీకేసినాను.
సైకిల్ ట్యూబు కోసి మూడు మెత్తలెట్టినాను.
ఎవులికీ సెప్పనేదు.
ఎవులడిగేరు?"

వాళ్లావిడ ప్లేటు నిండా మిరపకాయ బజ్జీలు తెచ్చింది.

ఆ రాత్రి డాబా ఎక్కాను.
దక్షిణాన ఉక్కు ఫ్యాక్టరీ ఎర్రటి మసక,
యారాడ కొండ మీద దీపం,
రేవులోకి పిలుపు రాని ఓడలు
నీళ్ల మీద లైట్లు వేసుకుని బారులు తీరి ఉన్నాయి.
చిత్ర నక్షత్రం వైపు తిప్పి ఉంది గొట్టం.
నాకన్నా ముందు చూసిన పిల్ల, మొదటి ఏడాది చదువుతున్నది,
పెదవి విరిచింది:
"ఏముంది మేడం. గుండ్రంగా ఉందంతే."

గుండ్రంగా ఉందంతే.

ఆ వెలుగు బయల్దేరి రెండొందల యాభై ఏళ్లట.
నా సూత్రానికి గడువు రెండేళ్లు.
వ్యుత్పత్తి ఒప్పుకోదని తెలుసు, అయినా
ఆ మెట్లు దిగుతుంటే
ప్రభావంలో నాకు ప్రభ అనే వినిపించింది.

శుక్రవారం పట్టిక ఇచ్చాను.
చివర పెన్సిలుతో ఒక గడి ఎక్కువ గీశాను:
సైకిల్ ట్యూబు ముక్కలు, మూడు.
అధ్యక్షులవారు అచ్చుతప్పనుకుని
రబ్బరుతో తుడిచేశారు.
చందా ఆగిపోయింది.

నీలం సంపుటాన్ని మళ్లీ అరలో పెట్టబోతూ
ఆ పేజీ ఇంకోసారి తీశాను.
ఎదురుగా, రెండొందల పదహారో పేజీ మీద
ఇంకో ముద్ర, కొత్తది,
బజ్జీల నూనెది,
గాటు లేనిది.

చూసుకున్నాను. నాదే.
దీన్ని ఏ ఏటి ఖాతాలో రాస్తారో.