సమ్మెట వాళ్లదే

రోజుకు ఎనిమిదొందలు. సమ్మెట వాళ్లదే.
రాయిని కొట్టుడు గాదు, ఇనుప పలకను కొట్టాలె.
పలక పగలదు, రాయి లేవదు,
పొద్దుమీకి సూపెట్టుకోను కుప్ప మిగలదు.
వడ్డెరోనికి గిదేం పనిరా అని
మా బామ్మర్ది వల్లెపు దుర్గయ్య ఒక్కటే నవ్వుడు.

దేవరకొండ దాటినంక సౌటబాయి చెలకల
నలభై ఎనిమిది చెవులు పాతిండ్రు,
రెండు గజాలకొకటి, పసుపు తీగకు గుచ్చి.
తహసీన్ మేడం చెయ్యి లేపుతది.
ఇగ ఎవ్వరు నడవొద్దు.
మేకల పిలగాడు ఒంటికాలు మీదనే ఆగిండు.
సాగర్ రోడ్డు మీద లారీ పోయేదాక ఆగి,
గాలి సల్లబడేదాక ఆగి,
కొట్టు, అంటది.

ఒక్క జాగల పది దెబ్బలు.
ఎందుకమ్మా పది, నా చెయ్యి సక్కగ పడలేదా అంటే
గాలి పదిసార్లు పది తీర్ల మాట్లాడ్తది,
భూమి పదిసార్లు ఒక్కటే మాట్లాడ్తది,
కలిపితే ఆ ఒక్కటే మిగుల్తది అన్నది.
పంచాయితీల గిట్ల జేస్తే మంచిగుండు.

రాత్రి బడి అర్రల కంప్యూటరు ముంగట కూసుంటది.
నేను ఛాయ పట్టుకపోయి ఆన్నే నిలవడ్త.
ముందుగాల ఒక అబద్ధపు భూమిని గీస్తదట.
దానిమీద నా అసొంటోడొకడు, వానికి చెమట లేదు,
లెక్కల సమ్మెటతోటి కొడ్తడు.
వాని సప్పుడు, నా సప్పుడు పక్కపక్కన పెట్టి
యాడ తేడా వస్తే ఆ తేడాను
కాలం ఎన్కకు తిప్పి మల్ల భూమిలకే తోల్తది.
మంద దొడ్డికి మళ్లినట్టు
అలలు వచ్చిన తొవ్వనే ఎన్కకు నడిసి
ఏ రాయి తాకి ఇరిగినయో ఆ రాయి కాడ గుమిగూడ్తయి.
ఆడ జరంత దిద్దుతది.
మల్ల కొడ్తడు వాడు. మల్ల తేడా. మల్ల దిద్దుడు.
తెల్లారేదాక వానికి కూలెవ్వరిస్తరో.

మూడో రాత్రి తల పట్టుకున్నది.
తేడా తగ్గుతుంది గని భూమి తప్పొస్తుంది అన్నది.
అదెట్ల అంటే నా అంగి దిక్కు సూపెట్టింది.
మొదటి గుండీ రెండో కాజాల పెడితే
తక్కినయన్ని మంచిగనే కుదుర్తయి,
కింద అంచుకు పోతెగని తెల్వది.
అలకు అల గట్లనే ఒకటి తప్పి కలిసిందట.
మొదటి అబద్ధమన్న నిజానికి జర దగ్గరుండాలెనట.

నేను చాక్‌పీసుతోటి బండల మీద గీసిన.
రెండు గజాలు ఎర్రమొరం, పార దిగుతది.
ఆడికెల్లి నాలుగు గజాలు పుచ్చిన రాయి.
ఇగ కింద ఉలిని ఎన్కకు తన్నే రాయి.
తూర్పు దిక్కు నల్లరాయి గోడ.
నీకెట్ల తెల్సు తిరుపతయ్యా అన్నది.
మోచేతికి తెల్సు అన్న.
ఆమె నవ్వలే, రాసుకున్నది.

ఐదో రోజు బొమ్మ పడ్డది.
గట్టిది ఎరుపు, మెత్తంది నీలం.
నల్లరాయి గోడ నేను గీసిన జాగలనే ఉన్నది,
గని నేను నిలవెట్టిన, అది ఒరిగి ఉన్నది.
గోడకు ఈ పక్క తడి ఉండొచ్చు అన్నది.
ఉండొచ్చు అనే అన్నది.

ఇరవై రెండో చెవి కింద
ఎర్ర రాతి నడుమ ఒక నీలం మరక,
నిలువుగ, గంప బోర్లేసినంత ఎడల్పు.
ఇది భూమిది గాదు, లెక్కల దుమ్ము,
తుడిచేస్త అని వేలు పెట్టింది.

ఆగమన్న.
అది మా నాయిన.
అంటె, మా నాయిన తవ్విన బాయి. పదకొండు గజాలు.
నీళ్లు పడలే, కూలి పడలే.
పటేలు పూడిపిచ్చి జొన్న ఏసిండు.
నేను తొమ్మిదేండ్లోన్ని, తట్ట మోసిన.
గీ ముచ్చట బండల మీద గియ్యలే నేను,
యాదికే రాలే.

మేడం వేలు తీసింది.
చానసేపు చూసి,
లెక్కల పదిన్నరే వస్తుంది అన్నది.
పటేలు గూడ గదే అన్నడు.

పొద్దుగాల ఆ చెవి కాడ
ఇంకో పది కొడ్త,
కూలొద్దన్న.