ఉచితం

లజ్ కార్నర్ దాటాక మందులషాపు పక్క సందులో మా కొట్టు.
ఫాల్స్, పికో, జాకెట్లు.
ఒంటిగంటకి ఓనరమ్మ షట్టరు సగం దించి పడుకుంటుంది,
మూడింటికి లేస్తుంది.
ఆ రెండు గంటలూ
ఇంత పెద్ద మద్రాసులో నాకు కూర్చునే చోటు లేదు.
పార్కుకి పోతే వాచ్‌మన్ తాళంచెవులు గలగలమనిపిస్తాడు.

సూళ్లూరుపేట నుంచి వచ్చి పదకొండేళ్లు.
అరవం కూడబలుక్కుని చదువుతాను.
డిసెంబరులో ఒకరోజు సభ గేటుకి కట్టిన గుడ్డమీద
అ-ను-మ-తి, ఇ-ల-వ-సం.
ఇలవసం తెలుసు.
ఎన్నికలప్పుడు ఇచ్చిన మిక్సీ గురించీ అదే మాటన్నారు.

అయినా గేటు దగ్గర ఆగాను.
ఊరికే అన్న చోటల్లా ఎవడో ఒకడు
నువ్వెవరివమ్మా అంటాడు కదా.
ఎవరూ అనలేదు.
ఆరొందల కుర్చీలు, ఇరవైమంది మనుషులు,
అందులో ముగ్గురు నిద్ర.
నేను వచ్చింది ఫ్యాను కోసం. దాచుకోను.

సాయంత్రాలు పెద్దవాళ్లవి, టిక్కెట్టు.
మధ్యాహ్నాలు పిల్లలవి.
వేదిక మీద ఒక పిల్ల, పందొమ్మిదుంటాయేమో.
ముందు మొహం చూడలేదు, జాకెట్టు చూశాను.
వంకాయరంగు, ఆవగింజంత బుటా, మోచేతి దాకా చెయ్యి.
నేను కుట్టిందే.
తాళం వేస్తుంటే చంక పట్టేస్తోంది అక్కా అని
రెండుసార్లు వెనక్కి తెచ్చింది,
అరంగుళం వదిలాను.
ఇప్పుడు ఆ చెయ్యి లేచి తొడమీద పడుతుంటే
ప్రతి దెబ్బకీ నా కుట్టువైపే చూపు:
ఆగుతుందా, ఆగుతుందా.
ఆగింది.

అప్పుడు వినబడింది మాట.
తెలుగు.
గోడమీది బోర్డు అరవం, పక్కాయన దగ్గు కూడా అరవం,
మధ్యలో మా నాయనమ్మ బియ్యం చెరుగుతూ
దేవుణ్ణి నిలదీసే భాష!
కాకపోతే గకారం కకారమై, దకారం తకారమై,
కొత్త చెప్పులేసుకుని కుంటుకుంటూ వస్తోంది.
బాధ అని ఏడవాల్సిన చోట
పాద అని ఏడ్చింది.
నవ్వొచ్చింది, పైకే.
ముందు వరసలో విభూతి తాతయ్య తల తిప్పాడు,
కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మళ్లీ అదే ముక్క. మళ్లీ పాదే.
పైకి తీసుకెళ్లి, అక్కడ విరిచి,
మెల్లగా మెట్టు మెట్టు దించి, మళ్లీ.
అయిదోసారికి నాకు నవ్వు రాలేదు.
పొద్దస్తమానం మిషను తొక్కే కాళ్లు నావి.
రాత్రిళ్లు మడమ దగ్గర నరం లాగుతుంది.
పాదమే బాధ అయినవాళ్లుంటారని
ఆ పిల్లకి తెలీదు.
రాసినాయనకి తెలుసో ఏమో.

అయిపోయాక వేదిక దగ్గరికి వెళ్లాను.
"అక్కా, నువ్వా! చెయ్యి ఎంత హాయిగా ఉందో"
అంది తమిళంలో.
బ గురించి చెప్పాను. నాలుక కరుచుకుంది.
నోటుబుక్కు తీసింది.
మన మాటలు, వాళ్ల అక్షరాలు,
అక్షరం నెత్తిన బుల్లి అంకె:
ప మీద మూడు వేస్తే బ.
అక్కడ చెమట చెయ్యి తగిలి మూడు చెరిగిపోయింది.
నా సంచిలో నీలం సుద్ద ఉంది,
గుడ్డ మీద గీత గీసేది.
వెయ్యబోయి ఆగాను.
ఏమక్కా అంది.
ఏం చెప్పను?
వేశాను చివరికి.
సుద్దే కదా, దులిపితే పోతుంది.

గేటు దగ్గర ఒక కుర్రాడు కాగితం ఇచ్చాడు.
ఆదివారం పొద్దున పార్కులో మైకు లేని పాట,
బెసెంట్ నగర్ ఇసుకలో డప్పులు,
మాడవీధిలో ముగ్గుల పోటీ.
అన్నిటి కిందా అదే మాట, ఇలవసం.

మన భాషలో ఉచితం.
ఎనిమిదో తరగతిలో అర్థం రాయమంటే
ఊరికే వచ్చేది, అని రాశాను.
తగినది అని కూడా రాయాలి,
అరమార్కు కోశారు మునిరత్నం సారు.
ఆ అరమార్కు ఇవాళ వచ్చిందనుకుంటా.

మూడు దాటింది. షట్టరు లేచే ఉంటుంది,
ఓనరమ్మ గొంతు కూడా.
రేపు ఒంటిగంటకి వయొలినట.
వాయించేవాడి జుబ్బా ఎవరు కుట్టారో
చూడాలి.