నెట్టుడు పుల్ల

కాజీపేట దర్గా రోడ్డు, రైలు బ్రిడ్జి దిగంగనే
నా సైకిల్ దుకాణం.
ఇప్పుడు పంచర్లు తక్కువ, గాలికి వచ్చేటోళ్ళే ఎక్కువ.
గాలికి పైసలడుగ బుద్ధి కాదు.

షాహీన్ ఒకనాడు
ముక్కు చితికిన విమానాన్ని గోనెసంచిల తెచ్చి
బల్లమీద పెట్టింది, చచ్చిన కొంగను పెట్టినట్టు.
"రెండు స్పోకులియ్యి చాచా."
ఏ చక్రానికి అన్న.
"తోకకు."

కడుపు కోసి చూపింది.
థర్మాకోలు డొక్కల నడుమ సన్నని తీగె
విల్లులెక్క వంగి ఉన్నది.
మామునూరు పాత రన్‌వే పక్క చెల్కల
కిందికొస్తున్నదాన్ని లేపుదామని వేలు గుంజిందట.
వేలు చెప్పింది, మోటరు విన్నది,
తీగె మాత్రం నడుమల వంగి మాటను మింగింది.
తోకకు కబురే అందలేదు.
మిరపచేన్ల ముక్కుతోని దిగింది.

నలభై ఏండ్లాయె నేను స్పోకుల నడుమ బతుకవట్టి.
దాని గుణం నాకెరుక.
గుంజితె మనిషిని మోస్తది, వెనుక బియ్యం బస్తను మోస్తది.
నెట్టు, పక్కకు తప్పుకుంటది.
కొసలకు ఇస్త బిడ్డా,
నడుముకు వేరేది చూడాలె.

నడుము మేదరివాడల దొరికింది.
ఓదెమ్మ అటకమీదికెళ్ళి నల్లబడ్డ వెదురు దించింది.
రెండేండ్లు పొయ్యి పొగ తాగింది, పురుగు ముట్టదు అన్నది.
చీరుకుంట చీరుకుంట చెవి దగ్గర పెట్టుకొని
సప్పుడు తప్పినదాన్ని అవతల పారేసింది.
మూడు పారేసినంక ఒకటి నచ్చింది.
"పైపెచ్చు గీకకు మొగిలన్నా,
బలమంత ఆ తోలులనే ఉన్నది. లోపలి మెత్తన తియ్యి."
గణుపు దగ్గర వంకరుంటె
దీపం మీద కాగబెట్టి, తడిగుడ్డతోని పట్టి సాపు చేసింది.
ఏం బుట్ట అల్లుతరని అడిగింది.
షాహీన్ చెప్పింది. ఓదెమ్మ నవ్వలేదు.
"మరి గింత సన్నగ చాల్తదా?" అని
ఇంకో పుల్ల ఊరికెనే ఇచ్చింది.

ఆ రాత్రి షట్టరు సగం దించి పని.
స్పోకు మొన కొక్కెంలెక్క వంచి
వెదురుల సన్నని పొక్క చేసి దింపిన,
ఊరికె అతికిస్తె జారుతది.
గరుకు కాయితంతోని రుద్దుమన్న,
మెరిసే ఇనుముమీద జిగురు నిలువదు.
కొత్తవాడ జంపఖానాల దారం, వరుస పక్కన వరుస,
ఒకదానిమీద ఒకటి ఎక్కకుంట చుట్టి
మీద అరల్డైటు.
తెల్లారేదాక ముట్టకన్న.
ముట్టింది. ఆ వేలిముద్ర ఇప్పటికీ ఉన్నది.

తోక దిక్కు పొక్క
తీగె పట్టేటంతనే, గాలి పట్టొద్దు.
వదులుంటె తోక వణుకుతది,
వణికే తోక ఎన్నడో ఊడుతది.
కొస లింకు నోరు తెరవకుంట
వాల్వుట్యూబు ముక్క ఉంగరంలెక్క తొడిగిన.
ఇది ఎవలూ చెప్పలే,
నా దుకాణంల దండిగున్నది అదొక్కటే.
రాసి రాసి అయిపోయిన పెన్నుల గొట్టాలు
నడుమ నడుమ అంటుపెట్టింది షాహీన్,
పుల్ల అటిటు మెసలకుంట.

చెల్కల మేకలు. మొదటిసారి లేచినప్పుడు
మేకలు కూడ తల ఎత్తినయి అంటె అబద్ధమైతది,
అవి మేస్తనే ఉన్నయి.
వారం తిరుగకముందె సుడిగాలి కొట్టి
మల్ల ముక్కు పగిలింది, రెక్క రెండు తునకలు.
పుల్లను బయటికి గుంజి
రిమ్ము వంకర చూసినట్టు
ఒక కన్ను మూసి చూసిన.
గీత గీసినట్టున్నది.

ఇప్పుడది మూడో విమానంల ఉన్నది.
రిమోటు చేతికిస్తనన్నది, నేనే వద్దన్న,
జిడ్డు చేతులు.
కాని అది దిగుతుంటె ప్రతిసారి
జేబుల నా బొటనవేలు
దానంతటదే వెనుకకు గుంజుతది.
తోక లేస్తది.